రేవు మెట్ల మీద

ఆదివారం అందరం కలిసి నది పక్క పార్కుకి వెళ్దామన్నది తల్లే. చిన్న కూతురు మొగుడితో పడలేక పుట్టింటికి వచ్చి నెల దాటింది. ఆ చిన్నల్లుడు లారీ టైర్ల షాపులో పనిచేస్తాడు. చేతులు ఎంత గట్టివో మాట అంత మెత్తన. "తప్పయిపోయిందండీ అత్తయ్యగారూ, ఒక్కసారి అందరి ముందూ మాట్లాడుకుంటే సర్దుకుంటుంది" అని ఫోన్లో అనేసరికి ఆవిడ కరిగిపోయింది.

పెద్ద కూతురు సిటీ బస్సులో కండక్టరు. ఆమెకు ఈ ప్రయాణం మొదటినుంచీ మింగుడు పడలేదు.

"మనసు మారిందంటున్నాడు కదే" అంది తల్లి.

"మనసు సంగతి నాకు తెలీదమ్మా. దాని వీపు మీద మచ్చలింకా మారలేదు."

"నలుగురిలో ఏం చేస్తాడే? పార్కు అంటే ఇల్లు కాదుగా."

పార్కు నిజంగానే కళకళలాడుతోంది. నున్నగా కత్తిరించిన పచ్చిక, రంగురంగుల తొక్కుడు పడవలు, నీళ్లలోకి దిగే వెడల్పాటి మెట్లు. చిన్నల్లుడు ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "వదినగారూ, ఇవాళ మీరు టికెట్లు కొట్టక్కర్లేదు, నేనే తీశాను" అని జోకేశాడు. తల్లి మనసారా నవ్వింది. ఐస్‌క్రీములు కరిగేలోపు అతను భార్య వైపు తిరిగి, "అలా మెట్ల దాకా వెళ్లొద్దాం, ఐదు నిమిషాలు" అన్నాడు.

చిన్నది అక్క మొహంలోకి చూసింది.

"వెళ్లవే" అంది తల్లి.

పెద్ద కూతురు పచ్చిక మీద కూర్చుని వాళ్ల వీపులనే చూస్తోంది. ఇద్దరూ కింది మెట్టు మీద కూర్చున్నారు. అతనేదో అడిగాడు. చెల్లెలు అడ్డంగా తల ఊపింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అడ్డంగానే ఊపింది. అప్పుడతను ఆమె జుట్టు ముడి పట్టుకుని మొహాన్ని నీళ్లలోకి అదిమాడు.

దూరంనుంచి సరసంలాగే ఉంది. రెయిలింగు దగ్గర ఎవరో నవ్వుతూ ఫోన్ కూడా ఎత్తారు.

అక్క పరుగెత్తింది. ఆమె చేరేసరికి అతను తల పైకి లాగి "వస్తావా, రావా?" అంటున్నాడు. చెల్లెలు దగ్గుతూ "రాను" అంది. మళ్లీ ముంచాడు. అక్క వెనకనుంచి మీద పడి మెడ చుట్టూ చేయి బిగించింది. అతను మోచేత్తో పొడిచాడు. ఆమె ముందు పన్ను విరిగి నోటినిండా రక్తం. అయినా వదలక అతని మణికట్టు కరిచింది. పళ్ల కింద చర్మం తెగింది కానీ ఆ పిడికిలి మాత్రం వీడలేదు. కడుపులో ఒక్క తన్ను తన్నేసరికి ఆమె మెట్లకు కొట్టుకుని పడిపోయింది. నీళ్లలో చెల్లెలి చేతులు కొట్టుకోవడం ఆగిపోయింది.

అప్పుడు వచ్చింది తల్లి. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని మనిషి ఎలా దిగిందో ఎవరికీ తెలియదు. చేతిలో పడవల్ని ఒడ్డుకి లాగే ఇనప కొక్కెం కర్ర ఉంది. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది. తల తిప్పి చూశాడు. రెండోది దవడ మీద. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడయింది. అతను పక్కకి ఒరిగాడు. మూడోసారి కొక్కెం కంట్లో దిగింది. నాలుగోసారి ఎత్తుతుంటే పెద్ద కూతురు పాకుతూ వచ్చి కాళ్లు పట్టుకుంది.

"అమ్మా, చాలు. చచ్చిపోతాడు."

"చావనీ."

ఆ గొంతులో కోపం లేదు. అదే పెద్ద కూతురిని ఎక్కువ భయపెట్టింది.

పడవలవాడు దూకి చిన్నదాన్ని పైకి లాగాడు. ఊపిరి లేదు. అక్కా పడవలవాడూ కలిసి బోర్లా తిప్పి వీపు మీద చరిచారు, వెల్లకిలా వేసి గుండె మీద నొక్కారు. చాలాసేపటికి నీళ్లు కక్కుకుంది.

పోలీసులు వచ్చేసరికి తల్లి కర్ర పక్కనే కూర్చుని ఉంది. "నేనే కొట్టాను. పిల్లని పంపించిందీ నేనే" అంది. రెండో మాట అవసరం లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. "రాయండి" అంది.

రెయిలింగు దగ్గర ఎవరో ఫోన్లో తీసిన వీడియో తల్లికి బెయిలు తెచ్చిపెట్టింది. ఒక కన్ను పోయిన అల్లుడు ఆసుపత్రినుంచి నేరుగా జైలుకి పోయాడు. కానీ ఇంట్లో చిన్నది తల్లితో మాట్లాడడం మానేసింది.

"నిన్ను కాపాడింది అమ్మేనే" అంది అక్క ఓరోజు, కట్టుడు పన్ను ఇంకా అలవాటు కాని నోటితో.

"తెలుసు. వెళ్లవే అన్నదీ అమ్మే."

తల్లి వంటింట్లోనే ఉంది. విన్నది.

చిన్నదానికి ఆనాటినుంచి మొహం మీద నీళ్లు పడితే ఊపిరాడదు. స్నానాలగదిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. ఒక ఉదయం తల్లి తలుపు తట్టి లోపలికి వచ్చి, తువ్వాలు తడిపి గట్టిగా పిండింది. కూతురి నుదురు, చెంపలు, చెవుల వెనక మెల్లిగా తుడిచింది. చిన్నది కళ్లు మూసుకోలేదు. తల్లి చేతుల్నే కనిపెట్టి చూస్తూ, తుడవనిచ్చింది.