తడి పలక ముందు ఆగిన పిల్ల

ఆ స్టేషన్‌లో ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కాలంటే నలభై రెండు మెట్లు దిగి, పొడవాటి సొరంగం దాటి, మళ్లీ పద్దెనిమిది మెట్లు దిగాలి. మధ్యలో ఇంత దూరం ఎందుకు పెట్టావయ్యా అని కట్టినాయన్ని అడిగే దిక్కు లేదు. ఆయన కారులో తిరిగేవాడు.

సొరంగం పొడవునా గోడకి రంగు పింగాణీ పలకల బొమ్మ ఉంది. రైలు మారడానికి జనం నడుస్తున్నట్టు. నడుస్తున్నట్టేమిటి, నిజంగానే నడిచేవాళ్లు, రోజుకో పలక చొప్పున. చివరి పలక దాటినవాళ్లు నీలం లైను మెట్లు దిగి వెళ్లిపోయేవాళ్లు. దానికెవరూ వింతపడలేదు. విజిల్ సారు అని పిలుచుకునే స్టేషన్ సూపర్‌వైజర్‌కి మాత్రం, వాళ్లు టికెట్టు కొనరని కాస్త గుర్రు.

ఆ పలకలు అతికించింది స్టేషన్ తుడిచే ఆవిడ మొగుడే. పని పూర్తయ్యే వారంలో వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆయన ఎవర్నీ అడక్కుండా పలకలతోనే పిల్లకి పసుపు గౌను వేసి గోడ మీది జనంలో నిలబెట్టాడు. పైవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. విజిల్ సారు నిజంగానే చూడలేదు.

పిల్ల రోజుకో పలక నడిచింది. ఇక పదకొండు పలకలే మిగిలాయనగా తల్లి బకెట్టు తెచ్చి, పిల్ల అడుగు ముందున్న పలకని తడిపింది. పిల్ల ఆగిపోయింది. ఆగదూ మరి! "తడి ఆరేదాకా కాలు పెట్టావో, చూడు!" అని ఇల్లు తుడిచినప్పుడల్లా అరిచి పెంచిన పిల్లాయె.

అలా మూడేళ్లు. గంటకోసారి తడపడం, ఇంటికెళ్లేటప్పుడు తడిగుడ్డ అంటించి పోవడం. జీతం స్టేషనంతటికీ, పని ఒక్క పలకకి. అదే స్టేషన్‌లో అటు చివరున్న ఆకుపచ్చ లైను బల్లల మీద దుమ్ములో ప్రయాణికులు పేర్లు రాసుకునేవాళ్లు. గోడ మీద పిల్ల వెనకాల జనం బారులు తీరి నిలబడిపోయారు.

ఒక మధ్యాహ్నం పగిలిన పలక మార్చడానికి మొగుడొచ్చాడు.

"ఇంకెన్నాళ్లే ఇలా?"

"నీకేం పోయింది? కళ్లెదుట ఉంది కదా."

"దాని కాళ్లు చూశావా?"

ఇన్నాళ్లూ ఆవిడ పిల్ల ముఖమే చూసింది. ఇప్పుడు కిందికి చూసింది. చీలమండలు వాచి ఉన్నాయి. పిల్ల ఒక బూటు విప్పేసి, ఆ పాదాన్ని రెండో పాదం మీద ఆనించుకుని నిలబడింది.

"నేను అతికించినప్పుడు రెండు బూట్లూ వేసుకునే ఉంది," అన్నాడాయన.

ఆవిడ పొడిగుడ్డ తీసుకుని పలకని తళతళలాడేదాకా తుడిచింది. మర్నాడు వచ్చి చూస్తే పిల్ల అక్కడే ఉంది. ఆ మర్నాడూ అంతే. విజిల్ సారు గోడకేసి విజిల్ ఊదాడు. దారినపోయే ముగ్గురు హడలి ఆగారు గానీ పిల్ల కదల్లేదు.

"బడి గేటు దగ్గర ఏం చేసేదో మర్చిపోయావా?" అన్నాడు మొగుడు. "నువ్వు నిలబడి ఉన్నంతసేపూ ఎప్పుడైనా లోపలికెళ్లిందా అది?"

ఆవిడ బకెట్టు ఎత్తుకుని ఆకుపచ్చ లైను వైపు నడిచింది. మలుపు దాకా తల తిప్పలేదు. మలుపు దాటాక తిప్పింది. అక్కడికి కనిపించేది గోడే, అది కూడా వేరే గోడ.

తర్వాత ఆవిడ సొరంగంలోకి వెళ్లలేదు. పుట్టి బుద్ధెరిగి చీపురు ముట్టని విజిల్ సారే అక్కడ ఊడ్చి, సగం చెత్త అక్కడే వదిలేసి, రోజూ కబురు మోసుకొచ్చేవాడు.

"ఒక పలక నడిచిందమ్మా."

"బూటు?"

"వేసుకుంది."

పన్నెండో రోజు వచ్చి, చీపురు గోడకి ఆనించి నిలబడ్డాడు.

"దిగిందా?" అంది ఆవిడ.

"దిగిందమ్మా. పొద్దున్నే."

"రెయిలింగు పట్టుకుందా?"

"పట్టుకునే దిగింది."

ఆవిడ తలూపింది. బల్ల మీద ఒక మూల తుడిచి కూర్చుంది. రైలొచ్చి ఆగింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, మూడేళ్ల తర్వాత మొదటిసారి, ఆవిడ కూర్చున్నచోటే నిద్రపోయింది. డ్యూటీలో నిద్రపోయినవాళ్లని లేపడం విజిల్ సారు ఉద్యోగం. ఆయన పెదవుల మీద వేలుంచి, వచ్చేపోయేవాళ్లని మెల్లగా నడవమన్నాడు.