అడిగారుగా

టిఫిన్ డబ్బా మూతకుండే రబ్బరు ఊడదీసి తోముతుంటే ఫోను మోగింది. ఆ రబ్బరు సందులో పేరుకునే జిడ్డు ఆ ఇంట్లో ఆమెకు తప్ప మరో కంటికి కనపడదు. తడిచెయ్యి నడుముకు తుడుచుకుని ఫోనెత్తితే అవతల మ్యూజియం డైరెక్టరు.

“చూడమ్మా, ఏడో బోర్డులో ‘నన్ను’ అని పడింది. అచ్చయి గోడకి కూడా ఎక్కేసింది. రేపే ప్రారంభం. ఎవరి తప్పు?”

“నాదే సార్” అంది, ఆ తప్పేమిటో సరిగా అర్థం కాకముందే. అలవాటు అలాంటిది.

మ్యూజియంలో వస్తువుల పక్కన ఉండే వివరాలు రాయడం ఆమె ఉద్యోగం. పెళ్లి ఎలా పుట్టింది, మనుషుల్ని ఎలా కలిపింది, ఎలా విడదీసింది అని చెప్పే గది ఒకటి కొత్తగా కట్టారు. “పెళ్లంటే మీ ఆడవాళ్ల సబ్జెక్టేగా” అని డైరెక్టరు దాన్ని ఆమెకు అంటగట్టాడు. నెలల తరబడి చదివింది. యుద్ధం ఆగాలంటే పెళ్లి, భూములు కలవాలంటే పెళ్లి, ఆస్తి ఎవరికి చెందాలో తేలాలంటే పెళ్లి. ఇంత పెద్ద సమాజం అంతా పెళ్లిపీటల మీదే లేచి నిలబడిందా అని నోరు వెళ్లబెట్టింది. ఏడో బోర్డు పైన రెండు పాత పటాలుంటాయి. ఒకదాంట్లో రెండు సంస్థానాల మధ్య గీత ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు; మధ్యలో జరిగింది ఒక సంస్థానం అమ్మాయికి రెండో సంస్థానాధీశుడితో పెళ్లి. “ఈ సరిహద్దు చెరిపెయ్యడానికి ఆమెను ఇచ్చారు” అని రాయాలి. ‘నన్ను ఇచ్చారు’ అని రాసింది. రాసి, రెండుసార్లు సరిచూసుకుని మరీ పంపింది.

ఆమె తండ్రిది ప్రింటింగ్ ప్రెస్సు. మామగారిది కాగితాల కొట్టు. మధ్యలో ఒక్కటే గోడ. పెళ్లయిన నెలకే ఆ గోడ తీసేసి రెండూ ఒకటి చేశారు. “గోడ పడగొడితే కోడలు బయటపడింది” అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్విస్తుంది. టీ కప్పుల ట్రే పట్టుకుని ఈమె కూడా నవ్వుతుంది. జోకు బాగానే ఉంటుంది మరి.

మొగుడు దుర్మార్గుడైతే గొడవే ఉండేది కాదు. ఆయన మంచివాడు. ఆమెకు జ్వరమొస్తే తల నొక్కుతాడు, నొక్కుతూ నొక్కుతూ ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతాడు. ఆయనంటే ఆమెకు ఇష్టమే. ఇచ్చేశాక పుట్టిన ఇష్టం లెక్కలోకి వస్తుందా, రాదా? ఆ పటాల వెనకున్న అమ్మాయికి కూడా ఆ సంస్థానాధీశుడంటే ఇష్టం కలిగిందేమో. ఆ సంగతి ఏ చరిత్రకారుడూ రాయలేదు. ఎంత ఆలోచించినా ఆమెకు తల తిరగడం తప్ప ఏమీ తేలలేదు.

భర్త మేజోళ్లు వెతుక్కుంటూ వచ్చాడు. అవి తీసిచ్చి, “మన పెళ్లప్పుడు నన్నెవరైనా అడిగారా అండీ?” అంది.

“పొద్దున్నే అదేం ప్రశ్న? అడిగారుగా. మీ నాన్నగారు నా ముందే అడిగారు. నువ్వు తలూపావు.”

నిజమే. “నీకేం అభ్యంతరం లేదుగా తల్లీ?” అన్నాడు నాన్న. చివర్లో ఆ ‘గా’. బతుకంతా అక్షరాలతోనే గడిపిన మనిషికి ఇన్నాళ్లూ అది ఎలా కనపడలేదో. ఆ ఒక్క అక్షరం జవాబును కూడా తనే చెప్పేస్తుంది, ఇక అవతలి మనిషికి మిగిలేది తలూపడమే. ‘ఇష్టమేనా’ అని అడిగుంటే? అవుననే అనేదేమో. ఆ ‘ఏమో’ దగ్గరే ఆమెకు ఏడుపొచ్చింది.

మ్యూజియం గది కొత్త రంగు వాసనేస్తోంది. డైరెక్టరు ‘ఆమెను’ అని అచ్చువేసిన స్టిక్కరు పట్టుకుని ఏడో బోర్డు ముందే నిలబడి ఉన్నాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వే అంటించెయ్. పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే.”

ఆమె గోడమీది వాక్యాన్ని చదివింది. ఇన్ని బోర్డులు రాసింది గానీ, తను రాసిందని అనిపిస్తున్నది ఇదొక్కటే. స్టిక్కరు వెనకున్న కాగితం ఒలిచి, జిగురు లోపలికి వచ్చేలా మడిచి, గట్టిగా నొక్కేసింది.

“పొరపాటు కాదు సార్. ఉండనివ్వండి.”

“మతి పోయిందా? రేపు మీ అత్తామామలు, మీ ఆయన, అందరూ వస్తున్నారు. ఇది చదివితే ఏమనుకుంటారు?”

“నన్ను అడుగుతారు.”

“అడిగితే ఏం చెప్తావ్?”

“తెలీదు సార్. ముందు అడగనివ్వండి.”