అక్క చేతి ముద్ద

నందికొట్కూరులో పరుపులు కుట్టే జానమ్మకు తమ్ముడు నిస్సార్ తప్ప నా అన్నవాళ్లు లేరు. అమ్మానాన్నలు పోయేనాటికి వాడింకా బడికి పోతున్నాడు. పెంచి పెద్ద చేసింది ఆమే. ముక్కుకు గుడ్డ కట్టుకుని, దూది ఏకే మిషను ముందు నిలబడి పాటలు పాడుతూ పనిచేసేవాడు నిస్సార్. ఇరవై దాటాక ఒకరోజు, దూదిలోంచి మాటలు వినబడుతున్నాయన్నాడు. జానమ్మ నవ్వేసింది.

తర్వాత, వీధి వీధంతా తనకు విషం పెట్టాలని చూస్తోందన్నాడు. పట్టిన నీళ్లన్నీ పారబోశాడు. పక్కింటివాళ్ల మీదికి రాయి ఎత్తాడు. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు మాత్రలు రాసిస్తే, నాలుక కింద దాచి ఉమ్మేసేవాడు. వాడు నమ్మి తినేది ఒక్క అక్క చేతి అన్నమే.

ఆ నమ్మకాన్నే జానమ్మ వాడుకుంది. మాత్రలు నూరి పప్పులో కలిపి, సంగటితో పెట్టింది. కొన్ని వారాలకు వాడు కంటినిండా నిద్రపోయాడు. గడ్డం గీసుకున్నాడు. మళ్లీ మిషను దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, పప్పు శానా బాగుండాది" అన్నాడొకసారి. ఆమె వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది సంతోషమో సిగ్గో ఆమెకే తెలియలేదు.

ఒక పొద్దున చిన్న రోట్లో తెల్లటి పొడి వాడి కంటబడింది.

"ఇదేందక్కా?"

"ఉప్పురా."

వాడు వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. చేదు. ఆమె మొహంలోకి చూశాడు.

"నువ్వు గూడా వాళ్లతో కలిసినావా?"

ఆ రోజు నుంచి ఆమె వండింది ముట్టలేదు. కొన్నాళ్లు అంగడి బిస్కెట్లతో గడిపి, చివరికి అవీ మానేశాడు. ఎముకలు తేలాయి. ఆమె కత్తిపీట ముందు కూర్చుంటే వాడు గోడకు కరుచుకుపోయేవాడు. వాడి చేతిలో పరుపు కుట్టే దబ్బనం చూస్తే ఆమెకూ వణుకే. పగలే గదికి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. అలా గడియ వెనక కూర్చున్న ఒక మధ్యాహ్నం, 'వీడిట్లే పోతే నేను బతుకుతాను కదా' అనిపించింది. చెంపలు వాయించుకుంది. అయినా ఆ మాట మళ్లీ వచ్చింది.

నిస్సార్ మిషను పక్కన సొమ్మసిల్లి పడ్డ రోజు, ఎదురింటి ఆటో హనుమేష్‌ను కేకేసింది.

"జానక్కా, ఇంగ బతిమాలితే అయ్యే పని గాదు. సూది ఏపియ్యాల్సిందే" అన్నాడతను.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక స్పృహ వచ్చింది. నర్సు సూదితో రాగానే పెనుగులాడాడు. హనుమేష్, వార్డులో ఇంకొకతను చెరో చేయి పట్టి బోర్లా పడుకోబెట్టారు. కాళ్లు జానమ్మ పట్టుకుంది. కాళ్ల దగ్గర ఉన్నదెవరో వాడికి కనబడలేదు.

"అక్కా! యాడుండావక్కా? నన్ను సంపుతాండారు, రా అక్కా!"

ఆమె పలకలేదు. పట్టు వదలలేదు.

అప్పటి నుంచి నెలనెలా సూది. దూదిలో మాటలు ఆగిపోయాయి. ఎవరేం పెట్టినా తింటున్నాడు. పాట మాత్రం లేదు, కోపమూ లేదు. చేతులు సన్నగా వణుకుతుంటాయి. "బాగయ్యాడు కదమ్మా" అంటాడు డాక్టరు. ఆమె తలూపుతుంది.

ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది.

"నిస్సారూ, నామింద కోపముండాదా?"

"లేదక్కా."

"తిట్టన్నా తిట్టురా నాయనా, ఒక్కసారి."

వాడు ముద్ద ఆపి ఆమె వైపు చూశాడు.

"ఏమని తిట్టల్ల?" అన్నాడు. ఆమె చెబితే అట్లే అనడానికి ఎదురుచూస్తున్నాడు.

ఈ నెల సూది మానేస్తే? మళ్లీ పాడతాడేమో. మళ్లీ రాయి ఎత్తుతాడేమో. అదే ఆలోచనతో కుట్టిన కుట్టే కుట్టింది. సూది రోజున హనుమేష్ ఆటో వాకిట్లో ఆగింది.

"పోదామా అక్కా?"

వద్దని చెప్పడానికే ఆమె గడప దాటింది. అప్పటికే నిస్సార్ చెప్పులేసుకుని ఆటోలో కూర్చున్నాడు. ఆమెను చూసి ఓ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె కాసేపు నిలబడి, ఎక్కి కూర్చుంది.

"పోనీ అప్పా" అంది.