సున్నా, నలభై ఒకటి

మా నాయనమ్మ, దాదీ బడేబీకి చూపు పూర్తిగా పోయిన ఏడాదే నాకు ప్రోగ్రామింగ్ పిచ్చి పట్టుకుంది. రెండూ కుదిరే రోగాలు కావని ఇంట్లో అందరూ తీర్మానించేశారు.

మట్టెవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. దాదీ, నేను పుట్టకముందే పోయిన ఆమె భర్త, మా దాదా, ఇద్దరూ ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేసేవారట. ఆయన ఎడమవైపు, ఆమె కుడివైపు. ఇద్దరూ కలిసి పుట్టించిన నమూనా ఒకటుంది: దానిమ్మ చెట్టు. దాన్ని ఎవరూ కాగితం మీద గీయలేదు. ఆ నమూనాతో ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క జంపఖానా వరద నీళ్లలో నాని కుళ్లిపోయింది. ఇక ఆ చెట్టు ఉన్నదల్లా దాదీ బుర్రలోనే. ఆ బుర్ర ఈమధ్య పొద్దున తిన్న ఉప్మాని మధ్యాహ్నానికి మరిచిపోతోంది.

"ఒక్కసారి దాన్ని చేత్తోని తడిమి పోతనే మెహనాజ్" అన్నది దాదీ ఒకరోజు. అంత మాట అన్నాక ఎవరు ఊరుకుంటారు? నేను నేయిస్తానని మాటిచ్చేశాను.

రోజూ హసన్‌పర్తి కాలేజీ బస్సు వచ్చేలోపు ఆమె చెప్పేది, నేను లాప్‌టాప్‌లో ఎక్కించేదాన్ని. చెట్టు మొదలు నుంచి పైకి వరుసలు. ప్రతి వరుసలో నడిమి పోగు నుంచి తను కూర్చునే కుడివైపుకు లెక్క. "ఏడో వరుస, నాలుగు కాడికెల్లి తొమ్మిది దాక ఎరుపు." నాకది బిందువుల చిట్టా. ఎన్నో పోగు, ఎన్నో వరుస, రెండు అంకెలు చాలు. నడిమి పోగు సున్నా.

మొదట్లో ఆ అంకెలను దశాంశాలుగా పెట్టి, తెర మీద బాగా కనిపించాలని సెంటీమీటర్లలోకి మార్చాను. కొన్నాళ్లకు ఒకే పోగు రెండు చోట్ల తేలింది. ఒకచోట మూడు, ఇంకోచోట మూడుకు వెంట్రుకవాసి తక్కువ. కంప్యూటరుకు అవి రెండూ ఒకటి కావు. మా ల్యాబ్ మేడం భారతి గారు చూసి, "నువ్వు నేతోళ్ల పిల్లవేనా? సగం పోగు అనేది ఎక్కడన్నా ఉంటదా?" అన్నారు. నిజమే, మగ్గంలో ఇంచుమించు అనే మాటకు చోటు లేదు. దారం ఈ పోగు మీద నుంచి పోతుంది, లేదా పోదు. అన్నిటినీ పూర్ణాంకాలు చేశాక లెక్క కుదురుకుంది. ఆ తర్వాత నాకు పూర్ణాంకాల మీద భక్తి కలిగింది, గర్వం కూడా.

ఆ గర్వంతోనే రెండు పనులు చేశాను.

ఒకటి. నలభై ఒకటో వరుస దగ్గర దాదీ చెప్పడం ఆపేసింది. పెదవులు బిగించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. పాపం మరిచిపోయిందనుకున్నాను. బయట బస్సు హారన్ కొడుతోంది. నలభయ్యో వరుసనే మళ్లీ ఒకసారి దించి పెట్టి పరుగెత్తాను.

రెండోది. ఎడమ సగం సంగతి అడిగితే "అది మీ దాదాది" అని ఊరుకుంది. చెట్టే కదా, ఇటెంతో అటూ అంతే. ప్రతి బిందువు మొదటి అంకెకూ మైనస్ గుర్తు తగిలించాను. ఒక్క లైను కోడ్‌తో దాదా వాటా మొత్తం నేసిపారేశానని మురిసిపోయాను.

గళ్ల కాగితం మీద అచ్చు తీసిచ్చాక అబ్బా, అంటే మా నాన్న, మగ్గమెక్కాడు. మా అబ్బా జహీరుద్దీన్ సణుగుతూ నేస్తేనే నేత బాగా వస్తుంది, ఈసారి చాలా బాగా వచ్చింది. అరవై వరుసలయ్యాక శుక్రవారం నాడు దాదీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మగ్గం ముందు కూర్చోబెట్టాం.

ఆమె కుడివైపు తడిమింది, ఎడమవైపు తడిమింది, తలూపింది. తర్వాత అడుగున నడిమి పోగు మీద చూపుడువేలు ఆనించి మెల్లగా పైకి పోనిచ్చింది. ఒకచోట ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లింది. మూడోసారి వెళ్లి చెయ్యి తీసేసింది.

"చెట్టు మాదే బిడ్డా. గని దీంట్ల మేం లేం."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు చెప్పిందే కదా దాదీ రాసిన! ఒక్క అంకె తప్పు లేదు!"

"నలభై ఒకటి నేను చెప్పిన్నా?"

ఆనాటి బస్సు హారన్ ఇప్పుడు వినిపించినట్టైంది.

దాదీ నెమ్మదిగా చెప్పింది. "వరుస వరుసకు ఇద్దరం లెక్క గట్టిగ ఒర్రుకునేటోళ్లం. ఆయన ఆయనది, నేను నాది. నడిమి పోగు నేను తీసుకుంటున్న అని ఎవలో ఒకలం అనాలె. మొదటి చెట్టు నేసేటప్పుడు, ఒకనాడు కాజీపేట దర్గ ఉర్సుకు తోల్కపోత అని ఆయన తోల్కపోలే. నాకు మస్తు కోపమొచ్చింది. ఆ పూట మాటల్లేవు, లెక్క లేదు. ఆయన తీసుకుంటడని నేను, నేను తీసుకుంట అని ఆయన. తెల్లారి చూస్తే నడుమ కంత."

"ఇప్పలేదా అమ్మా?" అన్నాడు అబ్బా.

"నేను ఇప్పుదామన్న. ఉండనీ, నీ అల్క గుర్తుంటదన్నడు. అటెన్క ఎన్ని చెట్లు నేసినా నలభై ఒకటి కాడ ఇద్దరం నోరు మూసుకునేటోళ్లం. ఆయన నవ్వు ఆపుకునేటోడు. నాకు ఇనబడేది."

నేను లాప్‌టాప్ తెరిచాను. సున్నా, నలభై ఒకటి. వేల బిందువుల్లో అదొక్కటి. ఆమె మౌనాన్ని మతిమరుపనుకుని నేను పూడ్చేసిన చోటు. దాన్ని తీసేశాను. చిట్టాలో లెక్క ఒకటి తగ్గింది, అంతే. బిందువులను దాచడం నేర్చుకున్నాను గానీ, లేని బిందువును కూడా దాచుకోవాల్సి వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

అబ్బా ఈసారి సణగలేదు. పైనుంచి ఒక్కో వరుసా విప్పుకుంటూ వచ్చి నలభై దగ్గర ఆగాడు. దాదా కూర్చునే ఎడమవైపుకు తాను జరిగి, కుడివైపు చోటు చూపిస్తూ, "రా అమ్మా, నీ దిక్కు నువ్వే నెయ్యి" అన్నాడు.

దాదీ కూర్చుంది. వేళ్లతో పోగులు లెక్కపెట్టుకుని దారం పోనిచ్చింది. అటునుంచి అబ్బా పోనిచ్చాడు. ఇద్దరూ నోరు మెదపలేదు. రెండు దారాలు నడిమి పోగుకు అటూ ఇటూ వచ్చి, దాన్ని ముట్టకుండా వెనక్కి మళ్లాయి. దాదీ దువ్వెనలాంటి ఇనుప పంజాతో వరుసను రెండుసార్లు బిగించి, ఆ సందులో వేలు పెట్టింది.

"ఇంకా ఉర్సుకు తోల్కపోలే నువ్వు" అన్నది, ఆ కంతలో దాదా ఉన్నట్టు.

తర్వాత గొంతు సవరించుకుని, నలభై రెండో వరుస లెక్క గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.