ఆషాఢం దాకా వాయిదా

నేను ఒక పరీక్ష పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. నా లోపల ఒక వెండి రంగు సంచి, అందులో ఒక చదునైన పుల్ల, మందునీళ్ళున్న ఒక చిన్న సీసా, నాలుగు మడతల తెలుగు కాగితం. హెచ్.ఐ.వి. ఉందో లేదో ఇంట్లో కూర్చుని, ఎవరి కంటా పడకుండా చూసుకోవడానికి నన్ను తయారు చేశారు. పుల్లతో చిగుళ్ళ మీద రాసి సీసాలో నిలబెడితే ఇరవై నిమిషాల్లో జవాబు చెబుతాను. మాట్లాడటం నాకు నేర్పలేదు. గీతలు గీయడమే నేర్పారు. ఒక గీత వస్తే భయం లేనట్టు. రెండు వస్తే ఆసుపత్రికి వెళ్ళి నిర్ధారించుకోవాలి. అసలు గీతే రాకపోతే నేను చెడిపోయానని అర్థం.

నన్ను తీసుకున్నవాడు సన్నాయి సోమలింగం. రామచంద్రపురం చుట్టుపక్కల అతని సన్నాయి లేకుండా తాళి కట్టించిన పురోహితులు తక్కువ. మాఘమాసం మొదట్లో సన్నాయి పెట్టె చేత్తో పట్టుకుని, నాలాంటి పెట్టెలు పంచే సేవాసంస్థ ఆఫీసుకు వచ్చాడు. అక్కడ పనిచేసే మేరీరత్నం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పెద్దాసుపత్రికి ఎల్లానండి. ఈ జబ్బు చూసే పద్నాలుగో నెంబరు గది ముందు నిలబడ్డాను. ఎనకాలనుంచి ఎవరో, 'సోమలింగం గారూ, మా అమ్మాయి పెళ్ళికి మీరే కదా, ఇక్కడున్నారేంటి?' అన్నారండి. పన్ను నొప్పని చెప్పి వచ్చేశాను."

మేరీరత్నం నవ్వలేదు. "ఎందుకు అనుమానం వచ్చిందండీ?" అంది.

"ఊళ్ళట్టుకు తిరిగే రోజుల్లో ఒక తప్పు చేశానండి. ఇప్పుడు నోట్లో తెల్లగా పూస్తంది. ఊపిరి అందట్లేదు. మాది మంగళవాద్యం అండి. ఈ ముక్క బయటపడితే మమ్మల్ని ఏ గుమ్మంలోకీ రానివ్వరు."

"అందుకేనండి ఇది," అంటూ మేరీరత్నం నన్ను అతని చేతికిచ్చింది. "ఇంట్లోనే చేసుకోండి. రెండు గీతలొచ్చినా లోకం మునిగిపోదు. మందులు ఊరికే ఇస్తారు. రోజూ వేసుకుంటే ముసలయ్యేదాకా ఊదుకోవచ్చు. మీ ఆవిడకి కూడా చూడాలి. తెలియకపోవడమే ముప్పండి. ఎప్పుడు చేసుకుంటారు?"

అతను కాసేపు లెక్కచూసుకున్నాడు. "మాఘం, ఫాల్గుణం ముహూర్తాలండి. చైత్రంలో నవమి పందిళ్ళండి. వైశాఖం, జ్యేష్ఠం ఊపిరాడనివ్వవు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదండీ. అప్పుడు చూసుకుంటాను. పెళ్ళి పందిట్లో నిలబడేవాడిని, ముహూర్తాల రోజుల్లో అశుభం ఎత్తకూడదు."

"జబ్బుకి ముహూర్తాలుండవు సోమలింగం గారూ," అందామె. అతను తలూపి నన్ను సన్నాయి పెట్టెలో పెట్టుకున్నాడు.

అంతకన్నా మంచి దాపు ఆ ఇంట్లో లేదు. ఆ పెట్టెను అతను తప్ప ఎవరూ ముట్టరు. దసరా నాడు మాత్రం భార్య వరహాలు తెరిచి, సన్నాయికి పసుపు కుంకుమ పెట్టి మూస్తుంది. అతని తండ్రి నాటి నుంచీ అదే పద్ధతి.

అలా నేను ఆ ఏడు నలభై ఒక్క పెళ్ళిళ్ళు చూశాను. ఆ భాగ్యం నాలాంటి మరో పెట్టెకు దక్కి ఉండదు. మనుషులు తాళి కట్టే క్షణాన్ని గడియలతో, విఘడియలతో లెక్కించడం విన్నాను. ప్రాణానికి సంబంధించిన ఇరవై నిమిషాలు మాత్రం వాళ్ళకు ఏ పంచాంగంలోనూ దొరకవు.

డోలు వాయించే నూకరాజు వరహాలుకు తమ్ముడు. విరామంలో సరదాకి సన్నాయి అందుకుని నాలుగు అపస్వరాలు పలికించడం అతనికి అలవాటు. ఆ ఏడు సోమలింగం ఇవ్వలేదు.

"ఏంటి బావా, సన్నాయి ఊదే పీకకి బంగారపు తొడుగేమైనా చేయించావా? ముట్టుకోనివ్వవేం?"

"నీ అపస్వరాలకి పెళ్ళికూతురు లేచిపోద్ది. డోలు కొట్టుకో."

ఇంట్లో అతని గ్లాసు వేరు, కంచం వేరు. వరహాలు కారణం అడిగితే దగ్గు అన్నాడు. ఎంగిలితో ఇది అంటుకోదని నా కాగితంలో ఉంది. అయినా ఎంగిలి గ్లాసును దూరం పెట్టినవాడు, ఆమెకు చెప్పవలసిన మాటను ఇంకా దూరం పెట్టాడు.

వైశాఖంలో ఒక పెళ్ళిలో పురోహితుడు "గట్టిమేళం!" అని అరిచాడు. సన్నాయి రెండు స్వరాలు పలికి ఆగిపోయింది. నూకరాజు డోలు మోత పెంచి ఆ ఖాళీ పూడ్చాడు. పందిట్లో ఎవరికీ తెలియలేదు. ఆటోలో మాత్రం, "ఊపిరి ఇంట్లో మర్చిపోయి వచ్చావా బావా?" అన్నాడు. సోమలింగం సన్నాయి పెట్టెను ఒళ్ళోకి లాక్కున్నాడు.

మర్నాడు ఉదయం వరహాలు రేషను దుకాణానికి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి నన్ను బయటకు తీశాడు. కాగితం విప్పాడు. వెండి సంచి అంచు చించాడు. పుల్ల పైకి తీసి పెదవి దాకా తెచ్చాడు.

వీధిలోంచి నూకరాజు కేక. "బావా! ఆటో వచ్చేసింది! ముహూర్తం మన చుట్టం కాదు, ఆగడానికి!"

"వస్తన్నా," అన్నాడు. పుల్లను మళ్ళీ సంచిలో పెట్టి, అంచు మడిచి, పీకకు చుట్టే ఎర్రదారంతో గట్టిగా కట్టాడు. "ఆషాఢం రానీ," అన్నాడు నాతో. నాతో అతను మాట్లాడింది ఆ ఒక్కసారే.

సంచి చించాక వెంటనే వాడాలి. గాలి తగిలితే నాకు గీయడం రాదు. అదీ కాగితంలో ఉంది. ఎంత గట్టి దారమైనా గాలిని ఆపలేదు.

జ్యేష్ఠం సగంలో అతను మంచం పట్టాడు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. అయిదో రోజు కాకినాడ తీసుకువెళుతుంటే దారిలోనే పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు. ఆషాఢం రావడానికి ఇంకా పదకొండు రోజులుంది.

తర్వాత నేను చీకట్లో ఉన్నాను. పక్కన సన్నాయి కూడా అలాగే ఉంది.

దసరా నాడు పెట్టె మూత లేచింది. పద్ధతి ప్రకారం వరహాలు పసుపు కుంకుమ తెచ్చింది. కుంకుమ అద్దిన వేలు నా మీద ఆగింది. ఏడో తరగతి చదివిన మనిషి. కాగితం విప్పి, జబ్బు పేరున్న మొదటి వరస కూడబలుక్కుంది. ఆ వరసనే మళ్ళీ చదివింది. వేరుగా పెట్టిన గ్లాసు, కంచం, ముట్టనివ్వని పీక అన్నీ ఆమెకు అప్పుడు అర్థమైనట్టున్నాయి.

"ఎంత బరువు మోశావు మావా," అంది చివరికి. "నాకు ఒక్క ముక్క సెప్తే ఏం పోయింది?"

ఏడుస్తూనే ఎర్రదారం విప్పింది. బొమ్మల్లో ఉన్నట్టే పుల్లను చిగుళ్ళకు రాసుకుని సీసాలో నిలబెట్టింది. గోడ గడియారం కేసి చూస్తూ నేల మీద కూర్చుంది. ఎనిమిది నెలలు నేను ఎదురుచూసిన ఇరవై నిమిషాలు అవి. నా ఒంట్లో తడి పైకి పాకింది. గీయవలసిన చోటికి వచ్చింది. నేను గీయలేకపోయాను. ఒక్క గీతా రాలేదు.

కాగితంలో ఒక గీత బొమ్మ, రెండు గీతల బొమ్మ పై పుటలో ఉన్నాయి. గీతలు లేని బొమ్మ, దాని కింద 'ఈ పరీక్ష చెల్లదు, మళ్ళీ చేయించుకోండి' అన్న వాక్యం వెనక పుటలో ఉన్నాయి. ఆమె వెనక్కి తిప్పలేదు.

"ఏమీ లేదు," అంది. నన్ను రెండు కళ్ళకూ అద్దుకుంది. "ఏమీ లేదు మావా. నాకేం కాలేదు." అంతకు ముందు వారంలోనే తనకు రెండుసార్లు జ్వరం వచ్చిందని వాకిట్లో ఎవరితోనో చెప్పడం నేను విన్నాను. ఇప్పుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సన్నాయి కింద పరిచింది. పెట్టె మూసింది. మళ్ళీ దసరా దాకా దాన్ని తెరిచే ఆచారం లేదు. నన్ను పూజ పువ్వులతో పాటు చెత్తబండిలో వేసింది.

ఇప్పుడు కాలవ గట్టు మీది చెత్త దిబ్బలో ఉన్నాను. ఎవరి చేతిలోనైనా పడి ఈ మాట చెప్పగలిగితే బాగుండును. నాలాంటివి గీసే గీతకు విలువ ఉన్నట్టే, గీయలేని గీతకూ అర్థం ఉంది. ఆమెకు ఇంకా వేళ మించలేదు. పద్నాలుగో నెంబరు గది అక్కడే ఉంది. మందులూ అక్కడే ఉన్నాయి.

నిన్న కార్తీకం పెళ్ళి మేళం ఈ దారినే వెళ్ళింది. డోలు ఎవరో కొత్తవాళ్ళు వాయిస్తున్నారు. సన్నాయి మాత్రం నాకు తెలుసు. నాలుగు స్వరాలకు ఒక అపస్వరం. నూకరాజు ఊదుతున్నాడు.

అంటే, ఆచారం మాట ఎలా ఉన్నా, పెట్టె తెరిచారు. సన్నాయి ఎత్తినప్పుడు కింద కాగితం అతనికి కనబడే ఉంటుంది. వెనక్కి తిప్పి చదివి అక్కకు చెప్పాడో, పీకలు చుట్టుకోవడానికి చించుకున్నాడో. మేళం మలుపు తిరిగేదాకా విన్నాను. అపస్వరాలు తప్ప ఇంకేమీ తెలియలేదు.