ముఖ్యంగా దేనికి

ముఖ్యంగా అంటే ఎంత, ముల్లు వెంట్రుకవాసి అటు మొగ్గితే ముఖ్యం అయిపోతుందా, లేక పళ్ళెం పూర్తిగా కిందికి దిగితే గానీ కాదా, అసలు మనిషి ఒక ఊరికి బయల్దేరేటప్పుడు లోపల తూకం వేసేదెవరు, వేసినా ఆ కాటా సరైనదేనని ముద్ర కొట్టిందెవరు... అతను బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు గానీ, ఎదురుగా ఉన్న మనిషికి జవాబు చెప్పాలన్న సంగతే మరిచిపోయాడు.

"నిన్నే బావా," అన్నాడు బావమరిది. "ముఖ్యంగా దేనికి వెళ్ళావు ఆ ఊరు?"

ఆదివారం మధ్యాహ్నం. తిన్న పళ్ళేలు తీసేసి, తడి ఇంకా ఆరని బల్ల మీదే కాగితాలు పరిచారు. బావమరిది ఒక ఆడిటరు దగ్గర గుమాస్తా. బంధువులందరి ఆదాయపు పన్ను రిటర్నులూ వాడే వేసిపెడతాడు, ఫీజు కింద రెండు దఫాలు టీ తాగుతాడు. అతను కాటాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనివాడు. బయటికి వెళ్ళబోయే ప్రతి కాటా మీదా తూకపు రాళ్ళు పెట్టి చూసి, తేడా ఉంటే సరిచేసి పంపడం అతని ఉద్యోగం. సెలవు రోజుల్లో సంచి భుజాన వేసుకుని కొట్లవాళ్ళ కాటాలు సొంతంగా బాగుచేస్తాడు. అందుకే ఫ్యాక్టరీలోనూ కొట్లలోనూ అతన్ని కాటా అనే పిలుస్తారు. ఇన్నాళ్ళూ ఆ సొంత పని డబ్బు చిల్లర మల్లర అని రిటర్నులో ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడాది రెండు పెద్ద కొట్లు బ్యాంకులో వేశాయి కనుక చూపించక తప్పలేదు.

జీతం భాగం చిటికెలో అయిపోయింది. "జీతందేముంది, వాళ్ళే కోసి, వాళ్ళే పన్ను కట్టి, నీ చేతిలో తొక్క పెట్టారు. తొక్క ఎంతో రాస్తే సరి," అన్నాడు బావమరిది. సొంత పని దగ్గరికి వచ్చేసరికి బండి నెమ్మదించింది. వచ్చిన డబ్బు ఒకచోట రాశాడు. అందులోంచి స్ప్రింగులూ, నూనె, కొత్త స్క్రూడ్రైవర్లూ తీసేశాడు. తరవాత బస్సు టిక్కెట్లు. అతని భార్య వాటిని రబ్బరు బ్యాండు వేసి దాచింది. బ్యాండు తీయగానే అవి పూల రేకుల్లా విచ్చుకున్నాయి. అన్నీ ఒకే ఊరివి.

ఆ ఊళ్ళో అతని అక్క ఉంటుంది. మతి నిలవనివాళ్ళని పెట్టుకుని చూసుకునే ఇంట్లో. అదే ఊళ్ళో అతను కాటాలు బాగుచేసే కొట్లూ ఉన్నాయి. ఈ రెండు సంగతులూ బావమరిదికి తెలుసు. అందుకే పెన్సిలు ఆపి అడిగాడు.

"పని మీద వెళ్ళి, ఎలాగూ వచ్చాను కదా అని వదినని చూశావనుకో, టిక్కెట్టు ఖర్చులో రాయొచ్చు. వదినని చూడ్డానికి వెళ్ళి, ఎలాగూ వచ్చాను కదా అని కాటా బాగుచేశావనుకో, అది నీ సొంత ప్రయాణం. రాయడానికి లేదు."

"రెంటికీ అయితే?"

"రెండూ అన్నదానికి ఇందులో గడి లేదు బావా."

"పనికే రా," అంది పొయ్యి దగ్గర్నించి అతని భార్య, టీ వడకడుతూ. "పని లేకుండా ఈయన ఏనాడు గడప దాటారు కనుక?"

ఆమె దెప్పలేదు, ఉన్న మాటే అంది. అతను విచ్చుకున్న టిక్కెట్లలో ఒకదాన్ని వేలితో పక్కకి జరిపాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు సంచి లేదు. ఉత్త చేతులతో వెళ్ళాడు. అక్కని అక్కడ చేర్చి ఎన్నో రోజులు కాలేదు. తల్లి పోయాక అతనికి తల దువ్వినదీ, చొక్కా గుండీలు కుట్టినదీ, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదీ అక్కే. ఆ రోజు అక్క బాగానే ఉంది. చక్కగా మాట్లాడింది, భోజనంలో ఉప్పు ఉండదని చెప్పి నవ్వింది. సాయంత్రం అతను లేచి, వసారా దాటి, గేటు దగ్గరికి వచ్చాడు. కొత్తగా చేరిన వాచ్‌మన్ అతని ముఖంలోకి తేరిపార చూసి మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు, పసివాణ్ణి పట్టుకున్నట్టు.

"లోపలికి పద నాయనా. బయటికి వెళ్ళకూడదు."

"నేను చూడ్డానికి వచ్చాను."

"అందరూ చూడ్డానికే వచ్చారు. పద, పద."

ఈలోగా లోపల్నించి నర్సు వచ్చి పకపకా నవ్వింది. వాచ్‌మన్ చేతులు జోడించి, ముఖం అచ్చు ఆవిడదే కదండీ, అదే నుదురు, అదే చూపు, అందుకే పొరపడ్డానని నొచ్చుకున్నాడు. అతనూ నవ్వి ఫర్వాలేదన్నాడు. ఇంటికొచ్చి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాచ్‌మన్ పట్టుకున్నందుకు కాదు. పద అనగానే తన కుడికాలు లోపలికి తిరిగింది. నర్సు రావడం క్షణం ఆలస్యమైతే ఎడమకాలూ తిరిగేది. దాన్ని ఆ కాలికి ఎవరు నేర్పారో, ఎప్పటినుంచి అది ఆ పిలుపు కోసం కాచుకుని ఉందో అతనికి అంతుపట్టలేదు. రాత్రుళ్ళు దుప్పటి కింద కాలిని కాలితో తడిమి చూసుకునేవాడు.

తరవాతి సారి పనిముట్ల సంచి తీసుకెళ్ళాడు. అందులో ఇనప తూకపు రాళ్ళు కూడా పెట్టాడు. సంచి ఉన్నవాణ్ణి ఎవరూ ఆపలేదు. సంచి ఉన్నవాడు పనివాడు, పనివాడు వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోతాడు. వాచ్‌మన్ ఏమిటి పని అని అడిగితే నోట్లో ఏదో ఉండాలి కదా. అందుకని బజారులోకి వెళ్ళి, కొట్టు కొట్టుకీ, మీ కాటా సరిగ్గా తూగుతోందా అని అడిగాడు. ఒకటి సరిగ్గా తూగడం లేదు. ఆ వ్యాపారం అలా మొదలైంది. ఇప్పుడు రిటర్నులో ఒక పేజీకి వచ్చింది.

అప్పటినుంచి వెళ్ళినప్పుడల్లా బెంచీ అంచున కూర్చునేవాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని. రాళ్ళ బరువుకి తొడలు మొద్దుబారేవి. "అది కింద పెట్టరా," అనేది అక్క. "దానికేమైనా దిష్టి తగులుతుందా, ఒళ్ళోంచి దించవు?" ఫర్వాలేదక్కా, వెళ్ళాలి, కొట్లో పనుంది అనేవాడు. ఆమె నవ్వేది. ఆ నవ్వులో అంతా అర్థమైనట్టూ ఉండేది, ఏమీ అర్థం కానట్టూ ఉండేది. రెంటిలో ఏది నిజమైనా అతనికి భయమే.

పోయినసారి వెళ్ళినప్పుడు అక్క పక్కనే ఆమె గదిలో ఉండే ముసలావిడ కూర్చుంది. ఇక్కడికి ఎవరూ ఎవరి కోసమూ రారు, వేరే పనులుండి వచ్చి మొహం చూపించి పోతారు అని ఆవిడ రోజూ అంటుందట. అందరూ అలా కాదు, మా తమ్ముడు నా కోసమే వస్తాడని అక్క అంటుందట. అతన్ని చూడగానే అక్క ముఖం, చుట్టాల ముందు పిల్లాడి చేత పాఠం అప్పజెప్పించబోయే తల్లి ముఖంలా వెలిగింది.

"ఒరేయ్, ఈవిడకి చెప్పు. నా కోసం వచ్చావా, పని మీద వచ్చావా?"

గేటు కిటికీలోంచి కనిపిస్తోంది. వాచ్‌మన్ కుర్చీ కనిపిస్తోంది.

"పని మీదే అక్కా. దారిలో కదా అని."

ఆ మాట అతను మనసులో వాచ్‌మన్‌కి చెప్పుకున్నాడు. విన్నది అక్క. ముసలావిడ గెలిచినా సంతోషించలేదు, తల తిప్పేసుకుంది. అక్క కాసేపు తన గోళ్ళు చూసుకుంది. తరవాత ఎంతో మామూలుగా అంది: "అయితే లేవరా, పొద్దుపోతోంది. కొట్టు మూసేస్తారు."

తరవాత ఆ ఊళ్ళో పని పడలేదు. ఉండబట్టలేక ఒక కొట్టు యజమానికి తనే ఫోన్ చేసి కాటా ఎలా ఉందని అడిగాడు. "దివ్యంగా ఉందయ్యా. ఈమధ్య కాస్త మా వైపే మొగ్గుతోంది, నువ్వొచ్చి చెడగొట్టకు," అన్నాడాయన. పోయిన వారం నర్సు ఫోన్ చేసింది. మీ అక్కగారు తినడం లేదండీ, తినమంటే తరవాత అంటున్నారు, మనిషి సగమయ్యారు, ఇలాగే ఉంటే కష్టమని డాక్టరు గారన్నారు అని చెప్పింది. చివరికి, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, ఇదివరకు సెలవు రోజు వస్తే గుమ్మంలో కూర్చునేవారండీ, ఇప్పుడు మీ ఊసెత్తడం మానేశారు అంది. అతను అటువైపు పని పడగానే వస్తానన్నాడు.

"టీ చల్లారిపోతోంది," అంది భార్య.

బావమరిది గ్లాసు అందుకుని, రిటర్ను చివరి పేజీ అతని వైపు తిప్పాడు. పైన రాసినవన్నీ నిజమేనని ఒక వాక్యం, దాని కింద సంతకానికి జాగా. అతను ఆ వాక్యాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. ఫ్యాక్టరీలో అతను సరే అని సంతకం పెట్టిన కాటా ఏదీ వెనక్కి రాలేదు. తేడాగా తూగేదాని మీద అతని చెయ్యి సంతకం పెట్టదు, అంతే. అది గొప్ప కాదు, అలవాటు.

పనికే వెళ్ళానని రాస్తే, ఇన్నేళ్ళలో అక్కని చూడ్డానికి ఒక్కసారి కూడా వెళ్ళనట్టు. చూడ్డానికే వెళ్ళానని రాస్తే, అన్నిసార్లూ ఆమె కోసమే వెళ్ళి, ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలియకుండా దాచినట్టు. ఎటు పెట్టినా పళ్ళెంలో పడేది ఆమే. కాకపోతే ఒకటి అబద్ధం, ఒకటి కాదు. ఏది కాదో అతనికి మొదటినుంచీ తెలుసు.

"కొట్టెయ్యి," అన్నాడు.

"ఏవి?"

"టిక్కెట్లన్నీ. చూడ్డానికే వెళ్ళాను."

బావమరిది పెన్సిలు ఆడిస్తూ అతని భార్య వైపు చూశాడు. "ఆలోచించుకో బావా. పన్ను పెరుగుతుంది. నిజం చెప్పి జరిమానా కట్టేవాణ్ణి మా ఆఫీసులో ఇంతవరకూ చూళ్ళేదు." నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు. టిక్కెట్ల మొత్తం మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

అతని భార్య టిక్కెట్లు పోగుచేసి మళ్ళీ బ్యాండు వేస్తోంది. అవి ఇక దేనికీ పనికిరావని ఆమెకి తెలుసు. అయినా అంచులు సమంగా సర్దింది. తలెత్తకుండానే అడిగింది.

"మరి ఆ సంగతి వదినకి తెలుసా?"

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాడు. ఊరు దాటాక, ఆమెతో ఏమనాలో లోలోపల అనుకుంటూ పోయాడు. నీ కోసమే వచ్చానక్కా. ఇవాళ ఏ కొట్లోనూ పని లేదక్కా. చిన్న మాటలే. కిటికీ అద్దంలో పెదవులు కదిపి చూసుకున్నాడు, కదిలాయి. అప్పుడు తొడల మీద బరువు తెలిసింది. కిందికి చూస్తే ఒళ్ళో సంచి ఉంది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు చెయ్యి తనంతట తను తలుపు వెనక్కి వెళ్ళి దాన్ని తెచ్చుకుంది.

"ఏంటి కాటా గారూ, సోమవారం నాడు దిగారు? ఎవరి కొట్లో పని?" అన్నాడు వాచ్‌మన్ గేటు తీస్తూ. అతను వినపడనట్టు లోపలికి నడిచాడు.

గదిలో ఫినాయిలు వాసన. రెండు మంచాలు. గోడవైపు మంచం మీద అక్క అటు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు, ఎవరో దుప్పటిని మడవడం సగంలో వదిలేసినట్టుంది. బయటికి వచ్చిన మణికట్టు ఎముక మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. స్టూలు మీద పొద్దుటి రొట్టె ఎండి అంచులు పైకి లేచాయి.

అతను మంచం పక్కనున్న కుర్చీలో అంచున కూర్చున్నాడు.

"అక్కా."

దుప్పటి కదల్లేదు. ఊపిరి మాత్రం ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది. మెలకువగానే ఉంది.

రెండో మంచం మీద ముసలావిడ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని అతన్ని, అతని ఒళ్ళో సంచినీ చూస్తోంది. "పని మీద వచ్చుంటాడు," అంది, ఎవరితోనూ కాదు, వాన పడుతోంది అన్నట్టు.

అతను నోరు తెరిచాడు. బస్సులో అన్నిసార్లు అనుకున్న మాట ఎటు పోయిందో, నాలుక చివరికి వచ్చి నిలబడింది పాత మాటే: దారిలో కదా అని. పళ్ళు బిగించి దాన్ని లోపలే ఆపాడు. దాని వెనక ఇంకో మాట వస్తుందేమోనని చూశాడు. రాలేదు. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. ఇంతలోనే డ్యూటీ మారినట్టుంది, వాచ్‌మన్ కుర్చీలో మరో మనిషి కూర్చుని ఉన్నాడు, కొత్తవాడు, ముఖం తెలియదు. సంచి లేకుండా ఈ ముఖంతో ఆ గేటు దగ్గరికి నడిచి వెళ్తే చెయ్యి పట్టుకోవచ్చు. పద అంటే, ఈసారి నర్సు రాకపోవచ్చు. కుడికాలు నేల మీద చిన్నగా వణికింది. తొడలు మొద్దుబారాయి. అక్క మెడ మీద నెరిసిన వెంట్రుకలు చెమటకి అంటుకుని ఉన్నాయి, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు తన నుదుటి మీంచి ఆమె పక్కకి తోసే వెంట్రుకల్లాగే.

అతను వంగి, సంచిని ఒళ్ళోంచి దించి నేల మీద పెట్టాడు. లోపలి ఇనప రాళ్ళు ధణ్‌మన్నాయి. తరవాత దాన్ని కాలితో మంచం కిందికి, గోడ దాకా, చేతికి అందనంత దూరం తోసేశాడు.