అద్దం కింది నీళ్లు

కొండమ్మ తడిగుడ్డతో అద్దం మీది దుమ్ము తుడుస్తోంది. మదరాసు నుంచి దొర బొమ్మ గీసి పంపితే మార్కాపురం వడ్రంగి చేసిన పెట్టె అది. దవాఖానా పెరట్లో ఉంటుంది. అడుగున నల్ల పలకరాయి, పైన ఏటవాలుగా అద్దం. లోపల పోసిన బావినీళ్లు ఎండకు ఆవిరై, అద్దానికి చెమటలా పట్టి, జారి, గొట్టం గుండా సీసాలో పడతాయి. ఎవరో లోపల బోర్లా పడుకుని ఊపిరి విడుస్తున్నట్టుంటుంది. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నా ఆమె ఆ అద్దంలోకి తేరిపార చూడదు.

నీళ్లు ఇగిరిన చోట పలక మీద తెల్లటి పొడి మిగులుతుంది, కాలిన ఎముకల పొడిలా. సీసాలోని నీళ్లు మాత్రం ఒలికి ఆరితే మచ్చైనా వదలవు.

ఆ ఏడు ఊళ్లో వాంతిభేది. కొండమ్మ వీధిలో ఐదిళ్లకు తాళాలు పడ్డాయి. ఆమెకు మిగిలింది పలకరాయి గనిలో పనిచేసే మొగుడు గోవిందయ్య ఒక్కడే. కాంపౌండరు ఇబ్రహీం రోజూ ఆ సీసాలోంచి ఒక చెంబు నీళ్లిచ్చేవాడు.

"బావిలో పురుగు ఆవిరెంట ఎక్కలేదు కొండక్కా. బావకు ఇవే తాపు."

మొదటిరోజే గోవిందయ్య మొహం చిట్లించాడు. "ఏందే ఇవి? చచ్చిన నీళ్లు. నన్ను గూడా చావమంటావా?"

ఆ మాట ఆమె గుండెలో గుచ్చుకుంది. పాలు పెరుగవ్వాలన్నా చుక్క మజ్జిగ పడాలి కదా. మర్నాటి నుంచి చెంబులో ఒక్క చెంచా బావినీళ్లు తోడు వేసి, రాత్రంతా మూతపెట్టి ఉంచసాగింది.

"ఇప్పుడు నీళ్లలెక్కన ఉండాయి," అంటూ ఈ పొద్దు కూడా గోవిందయ్య చెంబెత్తి తాగాడు.

మధ్యాహ్నం ఆకు కదల్లేదు. ఎండ తగ్గకుండానే సీసాలో చుక్క ఆగిపోయింది. కొండమ్మ మొదటిసారి వంగి అద్దంలోకి చూసింది. ఆవిరి వెనక నుంచి ఎవరో తననే చూస్తున్నట్టనిపించి, ఒళ్లు జలదరించింది.

పొరుగింటి సుబ్బులు గేటు దగ్గరే నిలబడి పిలిచింది. "అత్తా, ఇంటికి రా. మామకు పొద్దుట్నుంచీ వాంతులు."

పొద్దు గుంకకముందే గోవిందయ్య పోయాడు.

"నేనిచ్చినవే కదా తాగినాడు?" ఇబ్రహీం వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"అవే తమ్ముడా. చెంచాడు బావివి తోడేసినా."

ఇబ్రహీం వసారా గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

నలుగురూ శవాన్ని మోసుకెళ్లారు. గడప పక్కన గోవిందయ్య చెప్పులున్నాయి. ఒకదాని పట్టీ తెగితే నారతో ముడేసుకున్నాడు. వాటిలో అతని అరికాళ్ల అచ్చున, గని నుంచి తెచ్చుకున్న నల్లటి రాతిపొడి మెరుస్తోంది.